గురి వెనకాల ఏముంది?

ఏప్రిల్ రెండో వారంలో మా ఇంటికి ఒక పొడుగాటి అట్టపెట్టె వచ్చింది. కొరియర్ అబ్బాయి దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చి అరుగు మీద పెట్టి, "ఏంటన్నా ఇది, కర్టెన్ రాడ్డా?" అని అడిగాడు. నేను నవ్వి ఊరుకుని ఓటీపీ చెప్పాను. లోపల ఉన్నది రైఫిల్ అని అప్పటికి అమ్మకి కూడా చెప్పలేదు.

కంగారు పడకండి. అది ఎయిర్ రైఫిల్. కానీ చూడ్డానికి మాత్రం పాత మిలటరీ తుపాకీలాగే ఉంటుంది. చెక్క బట్, నల్లటి ఇనప గొట్టం, భుజానికి తగిలించుకునే పట్టీ. అలా ఉంది కాబట్టే కొన్నాను.

మాది నూజివీడు దగ్గర పల్లె. ఆరెకరాల మామిడి తోట. ఎక్కువ బంగినపల్లి, కంచె పొడుగునా చిన్న రసాలు, మధ్యలో తాతయ్య ఎవరినీ ముట్టుకోనివ్వని రెండు పంచదార కలశ చెట్లు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రతి వేసవిలో ఒక నెలన్నర వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి ఊరికి వచ్చేస్తాను. పగలు స్టాండప్ కాల్సు, సాయంత్రం తోట కాపలా.

కాపలా ఎవరి నుంచి అంటారా? కోతుల నుంచి. వాటికి ఆకలైతే తిని పోతే బాధ లేదు. ఒక్కో కాయ కోసి, ఒక్క కొరుకు కొరికి, పులుపు తగలగానే కింద పారేసి ఇంకోటి కోస్తాయి. కాయ పక్వానికి వచ్చే ముందు వారం రోజులు వాటికి పండగే. పోయినేడాది కంచె వైపు రసాల చెట్ల కింద నడుస్తుంటే కాలికింద అన్నీ ఒంటిగాటు కాయలే.

నిజం చెప్పాలంటే మాత్రం కోతులు సాకు. అసలు సంగతి యూట్యూబ్.

అమెరికాలో మిలటరీ వాళ్లు పక్కన పెట్టేసిన పాత రైఫిళ్లు మామూలు జనం కొనుక్కుంటారు. వాటిని సర్‌ప్లస్ అంటారు. రష్యా మోసిన్ నగాంట్, బ్రిటిష్ వాళ్ల లీ ఎన్‌ఫీల్డ్ లాంటివి. గోడౌన్లలో దశాబ్దాల పాటు తుప్పు పట్టకుండా వాటికి కాస్మోలిన్ అనే చిక్కటి గ్రీజు పూసి ఉంచుతారు. కొన్నవాడు ముందు ఆ జిడ్డు వదిలించాలి. ఒక్కో మర ఊడదీసి, వేడినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, నూనె రాసి మళ్లీ బిగించాలి. రాత్రి పన్నెండింటికి హాస్టల్ గదిలో కూర్చుని ఆ వీడియోలు ఎన్ని చూశానో లెక్క లేదు. గ్రీజు కిందనుంచి చెక్క మెరుస్తూ బయటకి వస్తుంటే ఏదో తృప్తి.

ఇంకో కారణం కూడా ఉంది. లీ ఎన్‌ఫీల్డ్ అంటే మన త్రీనాట్‌త్రీ. మా తాతయ్య ఉద్యోగం అంతా దానితోనే. 1967లో కానిస్టేబుల్‌గా చేరి, 2003లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. మా ఇంట్లో గోడ మీద ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఉంటుంది. పోలింగ్ బూత్ ముందు సన్నగా నిలబడ్డ కుర్రాడు, పక్కన దాదాపు ఛాతీ దాకా వచ్చే త్రీనాట్‌త్రీ. చిన్నప్పుడు ఆ ఫొటోలో నేను తాతయ్యని కాదు, తుపాకీనే చూసేవాణ్ని.

అలాంటిది ఒకటి మన దేశంలో కొనొచ్చా అని వెతికితే తలుపులన్నీ మూసే ఉన్నాయి. మనకి 1959 ఆయుధ చట్టం ఉంది. త్రీనాట్‌త్రీ మిలటరీ బోరు కాబట్టి సాధారణ పౌరులకి నిషిద్ధం. అందుకే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనే .315 బోరుతో పౌరుల కోసం ఒక స్పోర్టింగ్ రైఫిల్ తయారుచేసింది. దానికి కూడా లైసెన్సు కావాలి. దరఖాస్తు, పోలీసు విచారణ, నీకెందుకు అవసరం అన్న ప్రశ్న, అన్నీ ఉంటాయి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. ఎన్నికలొస్తే పట్టుకెళ్లి స్టేషన్లో అప్పగించాలి. పంట కాపలాకి లైసెన్సు అన్న మాట ఆ చట్టంలో ఉంది గానీ, అది గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలం తుపాకీ గురించి.

చివరికి మిగిలింది ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు .177, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జూల్స్ మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అమ్మిన షాపువాళ్లు ఆధార్ కాపీ, వయసు రుజువు అడిగారు. పంపించాను. డబ్బులు కట్టాను. వారంలో అట్టపెట్టె వచ్చింది.

తాతయ్యకి ఇప్పుడు ఎనభై దాటాయి. పెట్టె విప్పగానే తుపాకీ ఆయన చేతిలో పెట్టాను. మురిసిపోతారనుకున్నాను. ఆయన ముందు గొట్టాన్ని నేల వైపు తిప్పారు. "ఎలా విరుస్తారు దీన్ని?" అని అడిగి, మధ్యలో విరిచి, లోపల ఏమీ లేదని కంటితో చూసుకున్నారు.

"తాతయ్యా, ఇప్పుడే పెట్టెలోంచి తీశాం కదా. ఖాళీదే."

"చూడకముందు ఏదీ ఖాళీ కాదు," అన్నారు. తర్వాత చేత్తో బరువు చూసి, "తేలిగ్గా ఉంది. ఎందుకు కొన్నావురా?" అన్నారు.

"కోతుల కోసం."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. తుపాకీ నాకిచ్చి లోపలికెళ్లిపోయారు.

మొదటి రెండు రోజులు నేను చేసిందంతా తప్పే. మాన్యువల్ తిరగేశాను గానీ చదవలేదు. మన ఇంజినీర్లకి అది అలవాటే కదా. కొత్త గొట్టంలో ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, గుడ్డ దూర్చి తుడవాలని తెలియదు. మొదటి నాలుగైదు సార్లు ఢామ్మని పెద్ద శబ్దం, మూతి దగ్గర పొగ. "అబ్బా, పవర్!" అని సంబరపడ్డాను. అది పవర్ కాదు. లోపలి గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కి ఆ నూనె మండుతుంది. డీజిల్ ఇంజను పనిచేసే సూత్రమే. అలా ఎక్కువసార్లు మండితే స్ప్రింగు, వాషరు పాడవుతాయి.

కొబ్బరి చిప్ప, ఖాళీ నూనె డబ్బా, తాటి మట్ట, పాత చెప్పు. కనపడిందల్లా కొట్టాను. సగం తగల్లేదు. తగలనివి ఎటు పోయాయని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మూడో రోజు పొద్దున్న ఆరున్నరకి కోతుల గుంపు వచ్చింది. కంచె వెంట రాతి స్తంభాలుంటాయి. ఒక పెద్ద కోతి స్తంభం మీద కూర్చుని తీరిగ్గా రసం కాయ కొరుకుతోంది. నాకు ఇరవై అడుగుల దూరం. వరండాలోంచి తుపాకీ తెచ్చాను, విరిచాను, పెల్లెట్ పెట్టాను, గురి చూశాను. భయపెడదామనే అని ఇప్పుడు చెప్పొచ్చు. కానీ సైటులో పెట్టుకున్నది దాని వీపునే. ఆ మాట దాచను.

ట్రిగ్గర్ నొక్కాను. కోతికి తగల్లేదు. టంగ్‌మని రాయి మోగింది, తర్వాత సన్నగా ఈల లాంటి శబ్దం. కోతి కదల్లేదు. నాకేసి ఒకసారి చూసి ఇంకో కొరుకు కొరికింది.

కంచె పక్కనున్న చెట్టు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "బాబూ, ఆ ఈల నీదేనా?"

మా తోటలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న పెద్దమ్మ. రాలిన కాయలు ఏరుతూ వంగి ఉంది. పక్కన ప్లాస్టిక్ ట్రే. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఆమె ఆ ట్రే వంక చూస్తోంది. అంచున కొత్త చీలిక. ఆమె చేతికి జానెడు దూరం. పెల్లెట్ రాయికి తగిలి పక్కకి మళ్లి అక్కడిదాకా వచ్చింది.

ఆమె అరవలేదు, తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "కంటికి తగిలితేనో?" అంది. అంతే. మళ్లీ వంగి కాయలు ఏరడం మొదలుపెట్టింది. ఆమె చేతులు వణకడం నేను చూశాను. నావి ఇంకా ఎక్కువ వణుకుతున్నాయి.

నేను లెక్కలు వేసుకునే మనిషిని. ఆ రాత్రి అదే పని చేశాను. ఒక పెల్లెట్ బరువు సుమారు అర గ్రాము. పెట్టె మీద వేగం సెకనుకు 180 మీటర్లు అని రాసుంది. కలిపి చూస్తే ఎనిమిది జూల్స్. తాతయ్య త్రీనాట్‌త్రీ గుండు పదకొండు గ్రాములు పైన, వేగం సెకనుకు 740 మీటర్లు. మూడు వేల జూల్స్ దాటుతుంది. దానితో పోలిస్తే నాది బొమ్మ. కానీ ఆ ఎనిమిది జూల్సూ నాలుగున్నర మిల్లీమీటర్ల సీసం ముక్క మీద ఉన్నాయి. దారిలో ఏదీ అడ్డు లేకపోతే రెండు వందల మీటర్లు దాటి పోగలదు. మా తోట వెడల్పు అంత ఉండదు. ఆఫీసులో టెస్టింగ్ లేకుండా కోడ్ పైకి పంపిస్తే ఏదో ఒకటి చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. దీన్ని వెనక్కి పిలవలేం.

పొద్దున్న లేచేసరికి తుపాకీ నా గదిలో లేదు.

తాతయ్య దాన్ని తన ఇనప ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశారు. పెల్లెట్ల డబ్బా మాత్రం అరుగు మీద బోర్లించి లెక్కపెడుతున్నారు. పది పదిగా కుప్పలు.

"డబ్బా మీద ఐదొందలని ఉంది. ఇవి 441. మిగతా 59 ఏవి?"

"కాల్చేశాను తాతయ్యా."

"అది తెలుస్తూనే ఉంది. ఎక్కడున్నాయి అంటున్నా."

నా దగ్గర జవాబు లేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మొదలుపెట్టారు. వాళ్లకి ఏడాదికోసారి ఫైరింగ్ ప్రాక్టీసు ఉండేదట. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖాళీ తొడుగులు తిరిగి అప్పగించాలి. ఒక్కటి తగ్గినా అందరినీ వరసలో నిలబెట్టి గడ్డిలో వెతికించేవారు. ఒకసారి చీకటి పడేదాకా వెతికి, చివరికి ఎవరి బూటు కిందో దొరికిందట. "అప్పుడు విసుక్కునేవాళ్లం. ఇత్తడి ముక్క కోసం ఇంత గొడవేంటని. తర్వాత తెలిసింది. లెక్క ఉందంటే కాల్చేముందు ఆలోచిస్తాడు."

"సర్వీసులో ఎప్పుడైనా మనిషి మీద కాల్చారా తాతయ్యా?" ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. అప్పుడు అడిగాను.

"లేదు. రెండుసార్లు ఎక్కుపెట్టాల్సి వచ్చింది. రెండుసార్లూ దించాం." అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాలుగు రోజులు తాళం తియ్యలేదు. ఈ నాలుగు రోజుల్లో నేను మూడు పనులు చేశాను. ఒకటి, మాన్యువల్ మొత్తం చదివాను. రెండు, పెద్దమ్మ ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను. ఆమె మజ్జిగ ఇచ్చి, "నాకు కాదు బాబూ, మా మనవడు పొద్దున్నే నాతో వస్తుంటాడు, వాడు ఆ ట్రే మీదే కూర్చుంటాడు" అంది. ఆ పూట వాడికి జ్వరం వచ్చి రాలేదట. మజ్జిగ గొంతు దిగలేదు. మూడు, ఫైరింగ్ చేసే చోటు తయారుచేశాను.

బోరు వేసినప్పుడు తోడిన మట్టి దిబ్బ ఒకటి తోట మూలన ఉంది. మనిషెత్తు ఉంటుంది. దాని ముందు మూడు ఇసుక బస్తాలు పేర్చాను. బస్తాల ముందు పాత బట్టలు కుక్కిన అట్టపెట్టె, దాని మీద కాగితం. పెల్లెట్ బట్టల్లో ఆగిపోతుంది, ఆగకపోతే ఇసుక, అదీ దాటితే మట్టి. రాయి, ఇనుము, నీళ్లు, గట్టి చెక్క దగ్గర్లో ఏవీ ఉండకూడదు. వాటికి తగిలితే ఎటు మళ్లుతుందో చెప్పలేం. పది మీటర్లు టేపుతో కొలిచి ముగ్గుపిండితో గీత గీశాను. తాతయ్య తన ఎర్ర తువ్వాలు తెచ్చి చెట్టుకొమ్మకి కట్టారు. ఫైరింగ్ జరుగుతున్నంతసేపూ ఎర్రజెండా ఎగరాలట. అది కనపడితే తోటలోవాళ్లు ఇటు రారు. అది లేకపోతే నేను తుపాకీ బయటికి తియ్యను.

ఐదో రోజు తాళం తీశారు. కానీ పెల్లెట్లు ఇవ్వలేదు. గొట్టం చివర రూపాయి బిళ్ల పెట్టి, "ఇది పడకుండా నిమిషం సేపు గురి చూడు" అన్నారు. పన్నెండు సెకన్లకి పడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది. రెండు రోజులు అదే పని. కాల్ మీటింగులు మ్యూట్‌లో పెట్టి కూడా ప్రాక్టీసు చేశాను. ఊపిరి సగం వదిలి ఆపాలి. కళ్లు ముందు సైటు మీద ఉండాలి, కాగితం మసగ్గా కనపడినా పర్లేదు. ట్రిగ్గర్ గుంజకూడదు, మెల్లగా బిగిస్తూ పోవాలి. ఎప్పుడు పేలిందో మనకే ఆశ్చర్యంగా ఉండాలి.

అన్నీ ఆయనే కరెక్ట్ అనుకోకండి. త్రీనాట్‌త్రీని తూటా లేకుండా టక్ టక్‌మని నొక్కి ప్రాక్టీసు చేసేవాళ్లట. ఇక్కడా అలాగే చెయ్యమన్నారు. నేను ఆపాను. స్ప్రింగు తుపాకీని పెల్లెట్ లేకుండా పేలిస్తే ముందు గాలికి అడ్డు ఉండదు, పిస్టన్ వెళ్లి లోపలి గోడకి దబ్బున కొట్టుకుంటుంది. రెండు మూడు వందల సార్లు అలా కొడితే తుపాకీ పోయినట్టే. పేపరు మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "మా దాంట్లో మందు ఉంది. నీ దాంట్లో గాలి ఉంది. సరే," అన్నారు.

తర్వాత గొడవ పట్టు గురించి. త్రీనాట్‌త్రీ తన్నుతుంది కాబట్టి భుజానికి గట్టిగా అదిమి పట్టాలి. అలాగే పట్టాను. ఐదు పెల్లెట్లు కాలిస్తే టిఫిను ప్లేటంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి. రెండోసారీ అంతే. తాతయ్య మొహం చిన్నబుచ్చుకున్నారు. ఆ రాత్రి చదివితే అర్థమైంది. స్ప్రింగు తుపాకీలో పెల్లెట్ గొట్టం దాటకముందే లోపల బరువైన పిస్టన్ కదులుతుంది. తుపాకీ వెనక్కీ ముందుకీ ఊగుతుంది. గట్టిగా పట్టుకుంటే ఆ ఊపు ఒక్కోసారి ఒక్కోలా మళ్లుతుంది. వదులుగా, ప్రతిసారీ ఒకేలా పట్టుకుని, దాన్ని ఊగనివ్వాలి. తెల్లారి ఎడమ అరచేతిలో చెక్కని ఊరికే ఆన్చి, భుజానికి తాకీ తాకనట్టు పెట్టి కాల్చాను. ఐదూ నిమ్మకాయంత జాగాలో పడ్డాయి.

తాతయ్య దగ్గరికెళ్లి కాగితం చూశారు. వేలు పెట్టి కొలిచారు. "గట్టిగా పట్టుకుంటే వినని బండి అన్నమాట," అని నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వు చూశాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక్క మాట. ముందు పెల్లెట్లన్నీ ఒకేచోట పడేలా చూసుకోండి, ఆ చోటు కాగితం మీద ఏ మూలైనా సరే. అప్పుడు వెనక సైటు తిప్పండి. పెల్లెట్ కుడికి పోవాలంటే సైటు కుడికి, పైకి పోవాలంటే పైకి. నేను మొదటి రోజు ఒక్కో పెల్లెట్‌కీ సైటు తిప్పి గంటసేపు పిచ్చివాణ్నయ్యాను. మర బిగింపులు చూసుకుంటూ ఉండండి, అదురుకి వదులవుతాయి. అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోండి, పెల్లెట్ అంటే సీసం. కళ్లజోడు లేకుండా మాత్రం అసలు కాల్చొద్దు.

ఇదే పది మీటర్ల దూరం ఒలింపిక్స్‌లో కూడా ఉంది. అక్కడ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి స్వర్ణం తెచ్చింది, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కి కాంస్యం తెచ్చింది ఈ .177 ఆటే. నా నిమ్మకాయకీ ఆ చుక్కకీ మధ్య ఎంత దూరమో తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఒక మార్గం కనపడింది.

మే మొదటి వారంలో బంగినపల్లి కోతకొచ్చింది. కోతులు కూడా. ఆ ఆదివారం పక్క తోట మావయ్య వచ్చారు. ఆయనకి అప్పటికే నష్టం బాగా తగిలింది. చెట్లు మీద పెట్టుబడి, కాయ నున్న మార్కెట్‌కి చేరేలోపు కూలి, ట్రేలు, బండి కిరాయి. ఆయన బాధ నాకు తెలుసు.

"అల్లుడూ, నీ దగ్గర గన్ ఉందంట కదా. ఒక్కదాన్ని కొట్టు చాలు. గుంపంతా మళ్లీ ఇటు రాదు. నీకు చెయ్యి రాకపోతే నాకివ్వు, రేపు తెచ్చిస్తా."

ఊళ్లో మావయ్యకి కాదని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు. నన్నే చెప్పమని.

"మావయ్యా, దీంతో కొడితే కోతి చావదు. సీసం లోపల ఉండిపోతుంది. పుండు పడుతుంది, కుళ్లుతుంది. పదిరోజులు నీ చెట్టు మీదే అరుస్తూ చస్తుంది. పైగా కేసు. 1960 నుంచి జంతు హింస చట్టం ఉంది. ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో జంతువుని చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. చిలకల మీద, నెమళ్ల మీద అయితే వన్యప్రాణి చట్టమే."

"మరి పంట?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. "గన్ మాత్రం ఇవ్వలేను మావయ్యా" అన్నాను. ఆయన కాఫీ తాగకుండానే లేచి వెళ్లారు. రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

జవాబు కొంతైనా చూపించింది పెద్దమ్మే. మర్నాడు పొద్దున్న వడిసెల తెచ్చింది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలేదట. తలచుట్టూ రెండుసార్లు తిప్పి వదిలింది. మట్టి ఉండ వెళ్లి కోతికి మూరెడు పక్కన మొద్దుకి తగిలి పగిలింది. గుంపు గుంపంతా కంచె దూకింది.

"గురి తప్పింది పెద్దమ్మా," అన్నాను.

"తప్పలేదు. దానికి కొట్టలేదు, దాని పక్కన కొట్టాను. వెనకాల మొద్దు ఉందని చూసే కొట్టాను."

మే నెలంతా అలాగే నడిచింది. వడిసెల, డబ్బాల మోత, అద్దెకి తెచ్చినట్టు తిరిగే రెండు కుక్కలు, తెల్లవారుజామున వంతులవారీగా కాపలా. కాయలు పోయాయి, కాకపోతే పోయినేడాది కన్నా తక్కువ. తర్వాత మావయ్య కూడా కాపలా వంతుల్లో చేరారు. నాతో మాటలు మాత్రం ఇప్పటికీ ముక్తసరిగానే.

జూన్ మొదటి ఆదివారం నా తిరుగు ప్రయాణం. హనుమాన్ జంక్షన్ నుంచి రాత్రి బస్సు. సాయంత్రం ఎర్ర తువ్వాలు కట్టి తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టాను. "మీరు ఒక్కటి కాల్చండి," అన్నాను. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను. చేతులు కొంచెం వణుకుతాయి. మోకాళ్ల మీద దిండు పెట్టి, దాని మీద తుపాకీ ఆన్చారు. ఎక్కుపెట్టి చాలాసేపు చూశారు. కాల్చబోతున్నారనుకున్నప్పుడు దించేశారు.

"ఏమైంది?"

"దిబ్బ వెనక దారిలో ఎవరో సైకిల్ మీద వస్తున్నారు."

నాకు ఏ సైకిలూ కనపడలేదు. దిబ్బ మనిషెత్తు, వెనక దారి యాభై గజాల దూరం, పెల్లెట్ అక్కడికి పోయే అవకాశమే లేదు. అయినా ఇద్దరం ఆగాం. కాసేపటికి నిజంగానే బెల్లు మోగిస్తూ ఒక పిల్లాడు వెళ్లాడు. ఆ తర్వాతే ఆయన కాల్చారు. నల్లటి చుక్క అంచుకి తగిలింది.

తుపాకీ తుడిచి, విరిచి ఖాళీ చూసుకుని, ట్రంకులో పెట్టాం. తాళంచెవి ఆయన మొలతాడుకి. పెల్లెట్ల డబ్బా బీరువాలో, వేరే చోట. తాతయ్య ఒక పాత నోట్‌బుక్ తీసి ఆ రోజు లెక్క రాశారు. ఏప్రిల్ నుంచి ప్రతి రోజుదీ ఉంది. తేదీ, ఎన్ని తీశాం, ఎన్ని కాల్చాం, ఎన్ని డబ్బాలో మిగిలాయి. కూడితే ఎక్కడా తేడా లేదు.

మొదటి పేజీలో మొదటి వరుస మాత్రం కొట్టెయ్యనివ్వలేదు. ఆయన చేతిరాతలో అలాగే ఉంది. "59. లెక్క లేదు."